‘డబ్బు సంగతి మేము చూసుకుంటాం’ అనే ముందు: కాలేజీ ఫీజు లెక్కను పిల్లలతో కలిసి వేసుకోవడం ఎలా?

బ్యాంకులో విద్యా రుణాల బల్ల వెనక చాలా ఏళ్లు కూర్చున్నాను. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చాయంటే ఆ బల్ల ముందు ఒకే దృశ్యం. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ జిరాక్సులు, పదో తరగతి మెమో, సీటు కేటాయింపు పత్రం, ఇంటి కాగితాలు. తండ్రి కుర్చీలో కూర్చుంటాడు. కొడుకో కూతురో ఆయన వెనక నిలబడతారు. ఒకసారి అలా నిలబడిన అమ్మాయిని అడిగాను, “ఏడాదికి ఫీజు ఎంతమ్మా?” అని. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన నవ్వి, “దానికెందుకు సార్ ఇవన్నీ? అది చదువుకుంటే చాలు, డబ్బు సంగతి మేము చూసుకుంటాం” అన్నాడు. ప్రేమతో అన్న మాటే. కానీ నేను ఆయన ముందు పెట్టిన దరఖాస్తులో మొదటి రుణగ్రహీత ఆ అమ్మాయే. సంతకం ఎక్కడ పెట్టాలో తండ్రి వేలితో చూపించాడు. ఆమె చదవకుండానే పెట్టింది.

అప్పు ఆమె పేరు మీద ఉంది. రేపు తీరేది ఆమె జీతంలోంచి. వాయిదా తప్పితే దెబ్బతినేది ఆమె క్రెడిట్ స్కోరు. లెక్క తెలియనిది మాత్రం ఆమె ఒక్కతికే. కాలేజీ చదువుకు మన ఇళ్లలో డబ్బు సమకూర్చుకునే తీరులో ముందుగా మారాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. ఇంటర్‌లో చేరిన రోజు నుంచి అప్పు తీరిన రోజు వరకు ఏ దశలో ఏం చేయాలో వరసగా చెబుతాను. మీరు తల్లిదండ్రులైతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. విద్యార్థులైతే అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

1. పొదుపంతా ఇంటర్‌కే పోయకండి

బీటెక్ ఫీజుకు అప్పు కోసం వచ్చిన చాలామందిని అడిగితే తెలిసేది ఒకటే. దాచుకున్నదంతా ఇంటర్ రెండేళ్లలో కార్పొరేట్ కాలేజీకి, హాస్టల్‌కు అయిపోయి ఉంటుంది. అసలు ఖర్చు మొదలయ్యే నాటికి చెయ్యి ఖాళీ. పదో తరగతి ఫలితాలు రాగానే ప్రకటనల హోరులో కొట్టుకుపోకుండా ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చోండి. ఒక నోటుపుస్తకం తీసుకుని మొదటి పేజీలో మూడు అంకెలు వేయండి: ఇప్పటికి ఉన్న పొదుపు, నెలకు దాచగలిగేది, ఇప్పటికే ఉన్న అప్పులు. ఆ పేజీ రాయాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి లేదా అబ్బాయి. పదహారేళ్ల పిల్లలకు త్రికోణమితి అర్థమైనప్పుడు నాన్న జీతం, అమ్మ కట్టే చిట్టీ అర్థం కాకుండా పోవు. లెక్క చూస్తే పిల్లలు బెంగపెట్టుకుంటారని తల్లులు అంటుంటారు. నేను చూసినంతలో పిల్లల్ని ఎక్కువగా బెంగపెట్టేది చెప్పకుండా దాచిన లెక్క. వంటింట్లో గుసగుసలు విని వాళ్లు ఊహించుకునేది నిజం కంటే ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

ఆ పేజీ రాశాకే ఏ కాలేజీ అన్నది మాట్లాడండి. పదో తరగతి తర్వాత దారి ఇంటర్ ఒక్కటే కాదని కూడా అప్పుడే చెప్పండి. పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే ఖర్చు చాలా తక్కువ. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అంటే ఇంటర్ రెండేళ్ల ఫీజు, బీటెక్ మొదటి ఏడాది ఫీజు రెండూ మిగులుతాయి. మధ్యలో ఆపాల్సి వచ్చినా చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే డిప్లొమా ఉంటుంది. 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల సమీకృత కోర్సులో సీటు దొరుకుతుంది. ఎనిమిదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉండి, చదివేది ప్రభుత్వ బడిలోనో ఎయిడెడ్ బడిలోనో అయితే, జాతీయ ఉపకార వేతన పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

ఇంట్లో పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఇవాళే తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు చాలు, గరిష్ఠం లక్షన్నర. ఆమెకు 18 ఏళ్లు నిండినా, పదో తరగతి పాసైనా, ఉన్నత చదువు కోసం నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు.

2. సీటుకు అసలు ధర కట్టండి

వెబ్ ఆప్షన్లు పెట్టే వారం ఇంట్లో పండుగ హడావుడిలా ఉంటుంది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్న చర్చే తప్ప నాలుగేళ్లకు మొత్తం ఎంతవుతుందన్న మాట రాదు. నోటుపుస్తకంలో ఒక్కో కాలేజీకి ఒక్కో పేజీ ఇవ్వండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసి ఆపకండి. యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు లేదా హాస్టల్, భోజనం, ల్యాప్‌టాప్, పుస్తకాలు, రానుపోను ఛార్జీలు అన్నీ రాయండి. చివర నాలుగుతో గుణించండి. హాస్టల్ ఛార్జీ ఏటా పెరుగుతుంది కాబట్టి దానికి కాస్త ఎక్కువే వేసుకోండి. చాలామందికి ఈ పేజీ దగ్గరే మొదటిసారి నోట మాట రాదు. అది ఫీజు కట్టేశాక కాకుండా ముందే జరగడం మంచిది.

కన్వీనర్ కోటా సీటు ఫీజును రాష్ట్రంలోని ఫీజుల నియంత్రణ సంస్థ మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో డొనేషన్ పేరుతో అడిగే సొమ్ముకు రసీదు ఉండదు. రసీదు లేని సొమ్ముకు బ్యాంకు అప్పు ఇవ్వదు. దాంతో ఆ డబ్బు కోసం జనం వెళ్లేది వడ్డీ వ్యాపారి దగ్గరికి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. చదువు కోసం ఈ వడ్డీకి తెచ్చిన డబ్బు ఆ చదువుతో వచ్చే జీతం కంటే వేగంగా పెరుగుతుంది. రెండు రూపాయల వడ్డీకి అప్పు చేస్తే తప్ప దక్కని సీటు మీ సీటు కాదనుకుని తర్వాతి ఆప్షన్‌కు వెళ్లండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది లక్షల మందిని కాలేజీ మెట్లెక్కించిన పథకం. కానీ దాన్ని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేయడం ప్రమాదం. మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు ఇది వర్తించదు. రెండు, అందరికీ పూర్తి ఫీజు రాదు. తెలంగాణలో ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ, ఈబీసీ విద్యార్థికి ప్రవేశ పరీక్షలో ర్యాంకు పది వేలు దాటితే ఏడాదికి 35,000 వరకే వస్తుంది. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగిలిన 65,000 మీదే. నాలుగేళ్లకు రెండు లక్షల అరవై వేలు. మూడు, ప్రభుత్వం నుంచి ఆ సొమ్ము ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేము. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం తరగతులు ఆపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బకాయి ప్రభుత్వానిదైనా, చదువు పూర్తయ్యాక టీసీ కోసం వెళ్లిన పిల్లల్నే “ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం” అనే కాలేజీలు ఉన్నాయి. కాబట్టి ఒక ఏడాది రీయింబర్స్‌మెంట్‌కు సరిపడా సొమ్మును ఆర్డీలోనో పోస్టాఫీసులోనో విడిగా ఉంచండి. రీయింబర్స్‌మెంట్ రావాలంటే హాజరు 75 శాతానికి తగ్గకూడదు. విద్యార్థి ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉండాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రాన్ని మీసేవలో ముందే తీసుకుని పెట్టుకోండి, చివరి తేదీ రోజు సర్వర్ పనిచేయదు.

సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఏఐసీటీఈ అమ్మాయిలకు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ గురించి అడిగితే పది ఇళ్లలో తొమ్మిది ఇళ్లకు తెలియదనిపిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటని ఇంట్లో అమ్మాయి సాంకేతిక డిప్లొమా లేదా డిగ్రీ మొదటి ఏడాదిలో చేరినప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే ఏడాదికి 50,000. ఒకే ఇంటి నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. ఐఐటీలో సీటొస్తే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతుల మినహాయింపు. ఫీజు చూసి భయపడి ఐఐటీ సీటు వదులుకోవాలనుకున్న తండ్రి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. నిబంధనల్లో ఈ మినహాయింపు ఉన్న పేరా ఒక్కటి చూపించి పంపించాను.

చేరాక మనసు మార్చుకుంటే? యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజుల ముందే సీటు వదులుకుంటే ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం వరకు, అదీ 5,000 రూపాయలు దాటకుండా, మినహాయించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్యాన్ని బట్టి 90, 80, 50 శాతం. ఆఖరు తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి అప్పుడే తిరిగి ఇచ్చేయాలని కూడా అందులోనే ఉంది.

3. అప్పు చేసే ముందే వాయిదా ఎంతో తేల్చండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. నిదానంగా చూద్దాం.

ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు అప్పు కావాలనుకుందాం. వడ్డీ ఏడాదికి 10 శాతం. విద్యా రుణంలో చదువు కాలమంతా, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. దీన్నే మారటోరియం అంటారు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. “ఐదేళ్లు కట్టక్కర్లేదట” అంటే ఐదేళ్లు వడ్డీ లేదని అర్థం చేసుకుంటారు. వాయిదా ఆగుతుంది, వడ్డీ ఆగదు.

మొదటి ఏడాది బ్యాంకు ఇచ్చిన లక్షన్నర మీద ఐదేళ్ల వడ్డీ 75,000. రెండో ఏడాది ఇచ్చినదాని మీద నాలుగేళ్లకు 60,000. మూడో ఏడాదిదానికి 45,000. నాలుగో ఏడాదిదానికి 30,000. అన్నీ కలిపితే 2,10,000. మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చి మొదటి వాయిదా కట్టే రోజుకు అప్పు 6 లక్షలు కాదు, 8 లక్షల 10 వేలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,700. పదేళ్లలో మొత్తం కట్టేది 12 లక్షల 85 వేల దాకా. “నెలకు అంత కట్టలేము, పదిహేనేళ్లకు పెట్టండి” అంటే వాయిదా 8,700కు దిగుతుంది కానీ మొత్తం 15 లక్షల 67 వేలకు చేరుతుంది.

ఇప్పుడు ఇదే అప్పును ఇంకో రకంగా నడిపి చూడండి. చదువుతున్నప్పుడే వడ్డీ వరకు కడుతూ పోవాలి. మొదటి ఏడాది నెలకు 1,250. రెండో ఏడాది 2,500. మూడో ఏడాది 3,750. నాలుగో ఏడాది, ఉద్యోగం వెతుక్కునే ఐదో ఏడాది 5,000. అలా చేస్తే వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు సరిగ్గా 6 లక్షల దగ్గరే ఉంటుంది. పదేళ్లకు నెలవారీ వాయిదా సుమారు 7,930. ముందు కట్టిన వడ్డీని కలుపుకున్నా మొత్తం 11 లక్షల 62 వేల లోపే. లక్షా 23 వేలు మిగిలినట్టు. చదువు కాలంలో వడ్డీ కడుతున్నవారికి ఒక శాతం వరకు వడ్డీ రాయితీ ఇవ్వవచ్చని బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలోనే ఉంది. మీ బ్యాంకులో ఆ రాయితీ ఉందా అని అడిగి తీరాలి. అడగకపోతే చాలాచోట్ల చెప్పరు.

ఈ లెక్క వేశాక జీతం వైపు రండి. కాలేజీ వాళ్లు బ్యానర్ మీద వేసే అత్యధిక ప్యాకేజీని పక్కన పెట్టండి. ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో, మధ్యస్థంగా చదివే పిల్లలకు ఏం వస్తోందో రెండేళ్ల ముందు బయటికి వచ్చిన సీనియర్లను ఫోను చేసి అడగండి. ఈ ఫోను మీ పిల్లలే చేయాలి, వాళ్లతో అయితే నిజం చెబుతారు. చేతికి నెలకు పాతిక వేలు వస్తుందని తేలిందనుకుందాం. నా గీత ఒక్కటే: వాయిదా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. పాతిక వేలల్లో మూడో వంతు అంటే 8,300 చిల్లర. 10,700 ఆ గీత దాటింది. 7,930 లోపల ఉంది. కాలేజీ అదే, అప్పు అదే. తేడా తెచ్చింది నెలకు 1,250తో మొదలైన చిన్న అలవాటు.

ఆ 1,250ని మొదటి ఏడాది మీరే కట్టండి, కానీ పిల్లల ఫోను నుంచి, వాళ్ల చేత్తో కట్టించండి. రెండో ఏడాది నుంచి కొంత వాళ్లే సంపాదించవచ్చు. సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురు చిన్న పిల్లలకు ట్యూషన్, వేసవిలో ఇంటర్న్‌షిప్. తమ వడ్డీ తామే కట్టుకున్న పిల్లలు బ్యాంకు బల్ల ముందు కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

4. బ్యాంకుకు ఇద్దరూ వెళ్లండి, ఇద్దరూ కూర్చోండి

ముందు విద్యాలక్ష్మి పోర్టల్ చూడండి. 2015 నుంచి ఉంది. ఒకే దరఖాస్తును మూడు బ్యాంకులకు పంపవచ్చు. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి వేరే పథకం, రెండింటినీ కలిపేసుకోకండి. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో ప్రతిభ మీద సీటు వచ్చిన వారికి తాకట్టు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉంటే 10 లక్షల లోపు అప్పు మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఏటా కొత్తగా లక్ష మందికే ఈ రాయితీ, కాబట్టి ఆలస్యం చేయకండి. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తివిద్యా కోర్సుల్లో చేరినవారికైతే మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్ని కేంద్రమే భరించే పథకం ఉంది. పై లెక్కలో చూసిన 2,10,000 పూర్తిగా మాఫీ అయినట్టే. ఇంత విలువైనదాన్ని చాలామంది పోగొట్టుకునేది ఆదాయ పత్రం వేళకు ఇవ్వక, బ్యాంకు తనంతట తానే రాయించుకుంటుందనే భరోసాతో. దరఖాస్తు ఇచ్చిన రోజే “వడ్డీ రాయితీకి నా పేరు పంపండి” అని కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి.

తాకట్టు సంగతి. 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 7.5 లక్షల వరకు కేంద్రం పెట్టిన హామీ నిధి ఉంది కాబట్టి ఆ మేరకు కూడా తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. 4 లక్షల వరకు మీ వాటా అక్కర్లేదు, అంతకు మించితే దేశంలో చదువుకు 5 శాతం మీరు పెట్టుకోవాలి. “తాకట్టు లేకుండా కుదరదు” అని బల్ల దగ్గర ఎవరైనా చెబితే వాదించకండి. ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. అప్పుడు సమాధానం మారడం చాలాసార్లు చూశాను. తిరస్కరించినా కారణం రాసి ఇవ్వాలి.

ట్యూషన్ ఫీజు ఒక్కదానికే అప్పు అడిగి, హాస్టల్‌కు, ల్యాప్‌టాప్‌కు బంగారం కుదువ పెట్టేవాళ్లున్నారు. హాస్టల్ ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, కంప్యూటర్ ఇవన్నీ విద్యా రుణంలో చేర్చవచ్చు. కాలేజీ నుంచి బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ఇచ్చే పత్రం) తెచ్చుకునేటప్పుడే నాలుగేళ్ల ఖర్చు వివరం కూడా అందులో రాయించుకోండి.

సంతకం దగ్గర తొందరపడకండి. మంజూరు పత్రాన్ని మీ అమ్మాయి చేతికిచ్చి నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకమనండి. వడ్డీ మారేదా, స్థిరమైనదా? మారటోరియం ఎప్పటితో ముగుస్తుంది? మొదటి వాయిదా ఏ నెల, ఎంత? అప్పుతోపాటు బీమా ఏదైనా అంటగట్టారా, ఎంతకు? జవాబులు ఆమె నోట వచ్చాకే సంతకం పెట్టించండి. వడ్డీ మారే పద్ధతిలో తీసుకున్న అప్పును ముందే తీర్చినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. బ్యాంకు వాళ్లు అమ్మే బీమా తప్పనిసరి కాదు. కానీ తండ్రి ఒక్కరే సంపాదించే ఇంట్లో ఆయన పేరున ఒక టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉండాలి.

5. చదువుకునే నాలుగేళ్లు

ఈ భాగం విద్యార్థుల కోసం.

ఇంటి నుంచి వచ్చే డబ్బును నెలకోసారి తెప్పించుకోండి, అవసరమైనప్పుడల్లా అడగడం మానండి. నెల మొదటి రోజే మెస్సు, బస్సు, వడ్డీ విడిగా తీసేయండి. మిగిలింది నాలుగు వారాలకు పంచుకోండి. మూడో వారంలో అయిపోతే నాలుగో వారం ఇబ్బంది పడండి. ఆ ఇబ్బంది నేర్పే పాఠం పుస్తకాల్లో దొరకదు.

బ్యాంకు ఏటా ఫీజును నేరుగా కాలేజీకి పంపుతుంది. అందుకు గత సెమిస్టరు మార్కులు, కొత్త ఏడాది ఫీజు కాగితం మీరు ఇవ్వాలి. ఎక్కువ సబ్జెక్టులు తప్పితే డబ్బు ఆగవచ్చు. ప్రతి రసీదునూ ఒకే ఫైలులో పెట్టండి. ఏటా ఏప్రిల్‌లో బ్యాంకు నుంచి అప్పు స్టేట్‌మెంట్ తీసుకుని మీ నోటుపుస్తకంలోని అంకెతో పోల్చి చూడండి.

ఫోనులో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి వెళ్లకండి. వాళ్లు మీ ఫోనులోని నంబర్లన్నీ తీసుకుని, వాయిదా తప్పగానే మీ స్నేహితులకు, మేనత్తలకు, మేనమామలకు ఫోన్లు చేసి పరువు తీస్తారు. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. బెట్టింగ్ యాప్‌లు కూడా అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది కూడా. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలకూ నా వేడుకోలు: ఆ మాట విన్న రాత్రి తిట్టకండి. ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

6. విదేశీ చదువైతే ఒక్క అదనపు లెక్క

అమెరికా ఎంఎస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబాలు మనలో ఎక్కువ. వద్దనను. కానీ వాయిదా లెక్కను డాలరు జీతంతో కాకుండా, పిల్లవాడు తిరిగి వచ్చి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగంలో చేరితే వచ్చే జీతంతో వేయండి. ఆ జీతంతోనూ ఇల్లు నిలబడుతుందంటేనే సంతకం పెట్టండి. అక్కడ చదివే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా బయట చేసే పని వీసాకే ముప్పు. చదువయ్యాక పని అనుమతి ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ కోర్సులకు మరో రెండేళ్లు. ఆ తర్వాతి దారి అక్కడి ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. 2025 సెప్టెంబరులో అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్‌1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రోజు ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో మీకు తెలుసు. వీసా కోసం ఖాతాలో అప్పుగా సొమ్ము చూపిస్తామనే ఏజెంట్ల మాట అసలు వినకండి. ఆ సొమ్ము వెనక్కి వెళ్లిపోతుంది, తప్పుడు కాగితం మాత్రం మీ పిల్లల పేరు మీద ఉండిపోతుంది.

7. ఉద్యోగం వచ్చాక, అప్పు తీరాక

మొదటి జీతం రాకముందే మొదటి వాయిదా తేదీ వచ్చేస్తే దాక్కోకండి. బ్యాంకుకు వెళ్లి ఉద్యోగం రాలేదని రాసి ఇచ్చి గడువు అడగండి. మూడు నెలలు వాయిదా కట్టకపోతే అప్పు మొండి బాకీల్లోకి వెళ్తుంది. ముందే వచ్చి చెప్పినవారికి చేయగలిగినంత ఆ తర్వాత వచ్చినవారికి చేయలేకపోయేవాళ్లం. జీతం పెరిగిన ప్రతిసారీ వాయిదాను కూడా కొంచెం పెంచుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే కట్టిన వడ్డీ మొత్తానికి ఆదాయపు పన్ను లెక్కలో ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు వస్తుంది, దానికి పరిమితి లేదు. కొత్త విధానంలో ఇది లేదు, రెండూ పోల్చుకుని ఎంచుకోండి.

అప్పు పూర్తిగా కట్టిన రోజు బాకీ లేదన్న పత్రం తీసుకోండి. నెల తర్వాత క్రెడిట్ రిపోర్టు తెప్పించి, ఆ ఖాతా మూసినట్టు నమోదైందో లేదో చూడండి. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే అసలు కాగితాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. కాగితాలు తీసుకునేటప్పుడు, తాకట్టు పెట్టిన రోజు బ్యాంకు ఇచ్చిన జాబితాను వెంట తీసుకెళ్లండి. దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ప్లాను, పన్ను రసీదులు ఒక్కొక్కటీ జాబితాతో సరిచూసి, పేజీలు లెక్కపెట్టి, అప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టండి.